పక్షిని పట్టుకోకుండానే దాని పరాన్నజీవులను చదవడం ఎలా

మూడు నెలల పాటు రోజూ ఉదయం ఆరున్నరకు తిరుపతిలో గోరువంకలు రాత్రి పడుకునే చెట్ల కింద పాత ఫ్లెక్సీ పరిచి, పడిన రెట్టలు ఏరుకొచ్చి మైక్రోస్కోప్ కింద చూశాను. ఒక్కదానిలోనూ కాక్సీడియా అనే ఏకకణ పరాన్నజీవి కనపడలేదు. నోట్‌బుక్‌లో 'తిరుపతి గోరువంకల్లో కాక్సీడియా లేదు' అని రాసి, కింద గీత కూడా గీసేశాను. తర్వాత ఒకరోజు పొద్దున వాన వల్ల వెళ్ళలేక సాయంత్రం నాలుగున్నరకు వెళ్ళాను. అవే చెట్లు, అవే గోరువంకలు, అదే ఫ్లెక్సీ. ఆ రోజు స్లైడ్‌లో ఎక్కడ చూసినా కాక్సీడియా తాలూకు గుండ్రటి ఊసిస్టులే.

చిన్న పిట్టల పేగుల్లో ఉండే ఐసోస్పోరా అనే కాక్సీడియా తన ఊసిస్టులను రోజంతా ఒకేలా వదలదు. మధ్యాహ్నం దాటి పొద్దు వాలే వేళలో ఎక్కువగా వదులుతుంది. ఊసిస్టు అంటే పేగు బయట బతకడానికి గట్టి పొర కప్పుకున్న దశ. దానికి ఎండ పడదు, ఎండలోని అల్ట్రావయొలెట్ అసలు పడదు, కాబట్టి రాత్రి చల్లదనం ముందున్న వేళ బయటపడితేనే బతికే అవకాశం ఎక్కువ. అంటే నేను మూడు నెలలు చేసిన పని అబద్ధం కాదు గానీ, రాసుకున్న వాక్యం మాత్రం తప్పు. 'ఉదయం ఆరున్నరకు తీసిన రెట్టల్లో కనపడలేదు' అని రాయాల్సింది.

ఈ గైడ్ అంతా ఈ ఒక్క తేడా చుట్టూనే ఉంటుంది. జువాలజీ డిగ్రీ, పీజీ చదివేవాళ్ళకి, పక్షులు చూడటం అలవాటున్న వాళ్ళకి, ఇంట్లో పావురాలో నాటుకోళ్ళో పెంచుతూ వాటి మీద పాకేవేమిటో తెలుసుకోవాలనుకునే వాళ్ళకి ఇది రాస్తున్నాను. ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. కాలేజీలో ఉండే మామూలు మైక్రోస్కోప్, ఉప్పు, టీ వడకట్టు, పెన్సిల్, నోట్‌బుక్ ఉంటే చాలావరకు జరిగిపోతుంది.

మలేరియా దోమ అనగానే మనకి సికింద్రాబాద్, అక్కడ 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్ గుర్తొస్తారు. కానీ దోమ కడుపు నుంచి లాలాజల గ్రంథి దాకా, అక్కడి నుంచి కుట్టడం ద్వారా ఇంకో జీవిలోకి, ఇలా పూర్తి చక్రం ఆయనకి దొరికింది మరుసటి ఏడాది కలకత్తాలో, అదీ మనుషుల్లో కాదు, పిట్టల్లో. పిచ్చుకల వంటి చిన్న పక్షుల్లో ఉండే మలేరియాని క్యూలెక్స్ దోమ మోస్తోందని చూపించారు. 1897లోనే కెనడాలో పుట్టిన డాక్టర్ విలియం మెక్‌కాలం కాకి రక్తంలో ఇదే కోవకు చెందిన పరాన్నజీవుల ఆడ, మగ కణాలు కలవడం కళ్ళారా చూశారు. మన వీధుల్లో రోజూ కనిపించే కాకి, పిచ్చుక లాంటి పక్షులే మలేరియా సైన్స్‌ని నిలబెట్టాయి. ఇది తెలిసినప్పటి నుంచి కరెంటు తీగ మీద పిచ్చుకను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

ముందు చట్టం, తర్వాత చేతుల భద్రత

అడవి పక్షిని పట్టుకోవడం, రక్తం తీయడం, గూడు పాడుచేయడం, గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా చేయకూడని పనులు. 'పరిశోధన కోసమే కదా' అంటే కుదరదు. అనుమతి రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నుంచి రావాలి, దానికి ఒక సంస్థ, ఒక గైడ్, రాతపూర్వకమైన ప్లాన్ కావాలి. శేషాచలం అడవుల్లోని శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ పరిధిలో అయితే రాలిన ఈక కూడా తెచ్చుకోవద్దు. తలకోనకో మామండూరుకో వెళ్ళినప్పుడు బైనాక్యులర్, కెమెరా, నోట్‌బుక్ చాలు. క్యాంపస్‌లో, పార్కులో రెట్టలు సేకరించాలన్నా అక్కడి బాధ్యుల దగ్గర ఒక లెటర్ మీద సంతకం పెట్టించుకోండి. సెక్యూరిటీ వాళ్ళు అడిగినప్పుడు టెన్షన్ ఉండదు.

రెండోది ఆరోగ్యం. ఎండిన రెట్టలో, ముఖ్యంగా పావురాల రెట్టలో, ఊపిరితిత్తులకు చేటు చేసే ఫంగస్, బ్యాక్టీరియా ఉండొచ్చు. పొడిగా ఉన్నదాన్ని గీకకండి, ముందు నీళ్ళు చల్లి తడపండి. గ్లవ్స్, ఎన్95 మాస్క్ తప్పనిసరి. చచ్చిపడి ఉన్న పక్షిని ముట్టుకోవద్దు, ఒకేచోట రెండు మూడు చచ్చి ఉంటే పశుసంవర్ధక శాఖకు వెంటనే ఫోన్ చేయండి. 2024 ఫిబ్రవరిలో మన పక్కనే నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళలో బర్డ్ ఫ్లూ వచ్చింది. చిత్తూరు జిల్లాలో కోళ్ళఫారాల మీద బతికే కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మనకి తెలుసు, మన చెప్పులకు అంటిన మట్టితో వాళ్ళకి నష్టం జరగకూడదు. పక్షుల చోటుకి వేసుకెళ్ళిన చెప్పులతో ఫారంలోకి వెళ్ళకండి.

రెట్టతో మొదలుపెట్టండి

ముందు ఏ పక్షి రెట్ట అన్నది ఖాయంగా తెలియాలి. చెట్టు కింద ఉన్నదంతా గోరువంకదే అనుకుంటే ఎలా, పైన కాకులు కూడా పడుకుంటాయి. అందుకే ఒకే జాతి గుంపుగా వాలే చోటు వెతకండి, పక్షి వదులుతున్నప్పుడు చూసి తీసుకుంటే ఇంకా మంచిది. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన ఫ్లెక్సీ గానీ ప్లాస్టిక్ షీటు గానీ పరిచి, గంటలోపు పడినవే తీసుకోండి. నేల మీద పడినదాన్ని తీస్తే మట్టిలో స్వేచ్ఛగా బతికే సన్నటి పురుగులు కూడా వచ్చేస్తాయి, స్లైడ్‌లో అవి కదులుతుంటే కొత్తవాళ్ళు సంబరపడిపోయి ఫోటోలు తీస్తారు. అవి పక్షివి కావు.

ఒక్కో రెట్ట ఒక్కో చిన్న ట్యూబులో. ట్యూబు మీద పెన్నుతో రాయకండి, స్పిరిట్ తగిలితే ఇంకు చెరిగిపోతుంది. చిన్న కాగితం ముక్క మీద పెన్సిల్‌తో నంబర్ రాసి ట్యూబు లోపలే వేయండి. నోట్‌బుక్‌లో ఆ నంబర్ ఎదురుగా తేదీ, టైమ్, చోటు, పక్షి పేరు, ఆ గంటలో వాన పడిందా, ఎండ ఉందా రాయండి. ఇదంతా రాయడానికి ఒక నిమిషం పడుతుంది, ఆ నిమిషం లేకపోతే మిగిలిన రెండు గంటల పని వృథా అవుతుంది. నా మొదటి మూడు నెలల రెట్టలు ఈ రోజుకీ పనికొస్తున్నాయంటే, నేను రాసిన ముగింపు తప్పయినా పక్కన టైమ్ రాసి ఉండటమే కారణం. సాయంత్రం లెక్కలతో పోల్చడానికి అవే ఆధారం అయ్యాయి.

అదే రోజు చూడలేకపోతే పురుగుల గుడ్ల కోసం పది శాతం ఫార్మలిన్‌లో, కాక్సీడియా కోసం 2.5 శాతం పొటాషియం డైక్రోమేట్‌లో ఉంచాలి. ఈ రెండూ విషాలే, కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్ ఎదురుగా మాత్రమే వాడండి, సింకులో పారబోయకండి. ఇంట్లో చేసేవాళ్ళయితే అసలు దాచే పని పెట్టుకోకుండా తాజాగా చూసేయండి. తిండి పెట్టే ఫ్రిజ్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

ఇప్పుడు ఉప్పునీటి పద్ధతి. లీటరు నీళ్ళు మరిగించి ఉప్పు వేస్తూ కలుపుతూ పోండి, ఇక కరగక అడుగున మిగిలే దాకా. దాదాపు 400 గ్రాములు పడుతుంది. చల్లారాక పైన తేట తీసుకోండి. ఈ నీటి సాంద్రత సుమారు 1.2 ఉంటుంది, చాలా పురుగుల గుడ్లు, ఊసిస్టులు దీనికంటే తేలిక కాబట్టి పైకి తేలతాయి. పక్షి రెట్టలో నల్లటి భాగం మలం, తెల్లటిది మూత్రం తాలూకు యూరిక్ ఆమ్లం. నల్లటి భాగాన్ని ఎక్కువగా తీసుకుని చిన్న గ్లాసులో ఉప్పునీటితో బాగా చిదిమి, దీనికోసమే విడిగా పెట్టుకున్న టీ వడకట్టులో వడకట్టి, టెస్ట్‌ట్యూబులో అంచు దాటి నీళ్ళు కొద్దిగా ఉబ్బెత్తుగా నిలిచేదాకా పోయండి. దాని మీద కవర్‌స్లిప్ మెల్లగా పెట్టండి, మధ్యలో గాలి బుడగ చేరకూడదు. పదిహేను, ఇరవై నిమిషాలు కదపకండి. తర్వాత కవర్‌స్లిప్‌ను నిలువుగా పైకెత్తి స్లైడ్ మీద పెట్టి ముందు పది లెన్స్‌తో మొత్తం తిప్పి చూసి, అనుమానం ఉన్నచోట నలభై లెన్స్‌కి మారండి. అరగంట దాటనిస్తే ఉప్పు గుడ్లలోని నీటిని లాగేసి అవి నొక్కుకుపోతాయి, ఆకారం గుర్తుపట్టలేరు.

కొంగలు, గూడబాతుల లాంటి నీటి పక్షుల విషయంలో ఒక మాట. వాటిలో ఆకు ఆకారంలో ఉండే ఫ్లూక్ అనే పేగు పురుగులు ఎక్కువ, వాటి గుడ్లు బరువు, ఉప్పునీటిలో తేలవు. దానికి మామూలు నీటిలో కలిపి, అడుగుకు దిగనిచ్చి, పై నీళ్ళు ఒంపేసి, మళ్ళీ నీళ్ళు పోసి, ఇలా నాలుగైదు సార్లు చేసి అడుగున ఉన్నది చూడాలి. నేలపట్టు గూడబాతుల దగ్గరికి ఈ పని మీద మీరుగా వెళ్ళకండి, అది రక్షిత ప్రాంతం. రాయలచెరువు లాంటి ఊరి చెరువు గట్టు మీద కొంగల రెట్ట దొరుకుతుంది.

స్లైడ్‌లో ఏం కనపడుతుంది? నున్నటి, మందపాటి పెంకు ఉన్న కోలగుడ్డు అయితే ఆస్కరీడియా రకం, అంటే మన ఏలికపాము చుట్టం. రెండు కొసల్లో బిరడా పెట్టినట్టు నిమ్మకాయ ఆకారంలో ఉంటే కాపిలేరియా. చిన్నగా, గుండ్రంగా, లోపల ఒక ముద్ద ఉంటే కాక్సీడియా ఊసిస్టు. అది ఐమీరియానా ఐసోస్పోరానా అన్నది అప్పుడే తెలియదు, గాలి తగిలేలా రెండు మూడు రోజులు ఉంచితే లోపల సంచులు ఏర్పడతాయి. నాలుగు సంచులు, ఒక్కోదానిలో రెండేసి పిల్ల కణాలు ఉంటే ఐమీరియా. రెండు సంచులు, ఒక్కోదానిలో నాలుగేసి పిల్ల కణాలు ఉంటే ఐసోస్పోరా. కోళ్ళలో మొదటిది, పిచ్చుక, గోరువంక లాంటి చిన్న పిట్టల్లో రెండోది ఎక్కువ.

మోసపోయే చోట్లు కూడా చెప్పాలి. పుప్పొడి రేణువులు గుడ్లలాగే ఉంటాయి. గాలి బుడగకు చుట్టూ నల్లటి మందమైన అంచు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. పక్షి తిన్న పురుగుల మీద ఉండే మైట్ల (కంటికి ఆనీ ఆనని ఎనిమిది కాళ్ళ జీవుల) గుడ్లు కూడా వస్తాయి. అనుమానం ఉంటే కొలవండి. కంటి లెన్స్‌లో పెట్టే స్కేలు చాలా కాలేజీల్లో బీరువాలోనే ఉండిపోతుంది, అడిగి బయటికి తీయించండి. కాక్సీడియా ఊసిస్టులు ఎక్కువగా ఇరవై, ముప్పై మైక్రాన్ల దగ్గర ఉంటాయి, ఆస్కరీడియా గుడ్డు పొడవు దానికి రెండు మూడు రెట్లు. ఫోటో తీసి కొలత రాయని గుడ్డుని ఏ నిపుణుడూ గుర్తుపట్టి చెప్పలేరు.

పేలు, ఈగలు: పావురాలు పెంచే అన్న దగ్గరికి వెళ్ళండి

పక్షి ఒంటి మీది పరాన్నజీవులు నేర్చుకోవడానికి పెంపుడు పావురాలను మించినవి లేవు. యజమాని ఒప్పుకుంటే చాలు, ఆయన చేతిలోనే పక్షి ఉంటుంది, మీరు చూస్తారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన "ఏం సామీ, పేలు చూసేదానికి ఇంత దూరం వచ్చినావా?" అన్నారు. అరగంట తర్వాత భూతద్దం నా చేతిలోంచి తీసుకుని ఆయనే వెతకడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళుగా తన పావురాల మీద ఉన్నవాటిని ఆయన ఆ రోజే దగ్గరగా చూశారు.

రెక్క విప్పి వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి. పెద్ద ఈకల్లో పాయల మధ్య సన్నగా, పొడుగ్గా, బూడిదరంగు గీతలా ఇరుక్కుని ఉండేది కొలంబికోలా అనే రెక్క పేను. ఒంటి ఈకల్లో ఉండే పేను పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. ఇవి మన తల పేలలా రక్తం పీల్చేవి కావు, ఈకల మెత్తటి భాగాన్ని కొరికి తింటాయి. ఈకల్లో గుండుసూది పరిమాణంలో చిల్లులు కనిపిస్తే పేల పనేమో అని అనుమానించవచ్చు. వాటి ఈపులు ఈక కాడ దగ్గర వరసగా అతికి ఉంటాయి.

పావురానికి ముక్కే దువ్వెన. డేల్ క్లేటన్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికాలో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. పావురం పై ముక్కు కొస కింది ముక్కు మీదకు కాస్త వంగి ఉంటుంది. ఆ కొసని కొద్దిగా అరగదీస్తే పావురాలు తిండి మామూలుగానే తిన్నాయి, కానీ ఒంటి మీద పేలు పెరిగిపోయాయి. మనం గింజలు ఏరుకోవడానికి అనుకునే ముక్కు ఆకారంలో పేలు నలిపే పని కూడా దాగి ఉంది. అందుకే మీరు పక్షిని చూసేటప్పుడు ముక్కు విరిగిందా, కాలు దెబ్బతిందా అన్నది కూడా రాయండి. ముక్కు పాడైన పక్షి మీద పేలు ఎక్కువ ఉంటే అందులో ఆశ్చర్యం లేదు.

ఈకల్లోంచి అకస్మాత్తుగా చదునైన ఈగ ఒకటి పీతలా పక్కకి పాకుతూ వచ్చి మళ్ళీ దూరిపోతే భయపడకండి. అది రక్తం తాగే పావురాల ఈగ. ఇది గుడ్లు పెట్టదు, కడుపులోనే పిల్లపురుగును పెంచి కంటుంది, అది వెంటనే నల్లటి గింజలా గట్టిపడి గూటి చెత్తలో పడి ఉంటుంది. పావురాల రక్తంలో ఉండే హీమోప్రోటియస్ కొలంబే అనే పరాన్నజీవిని మోసేది ఇదే, 1906లో అల్జీరియాలో సెర్జెంట్ సోదరులు దీన్ని తేల్చారు. ఇంకో వింత, రెక్క పేలు ఈ ఈగ కాళ్ళు పట్టుకుని ఒక పావురం మీంచి ఇంకో పావురం మీదకి ప్రయాణం చేస్తాయి. ఈగ దొరికితే స్పిరిట్‌లో వేసే ముందు భూతద్దంతో దాని కాళ్ళు చూడండి.

లెక్క కోసం ఒక్కో పావురానికి ఒకే సమయం కేటాయించండి, ఉదాహరణకు ఐదు నిమిషాలు, ప్రతిసారీ అవే చోట్లు, అదే క్రమంలో. ఒకదానికి రెండు నిమిషాలు, ఇంకోదానికి పది నిమిషాలు చూస్తే ఆ అంకెలను పోల్చలేరు. దొరికిన పేలను 70 శాతం ఆల్కహాల్‌లో, డీఎన్ఏ కోసం అయితే 95 శాతంలో, ఒక్కో పక్షివి విడివిడిగా దాచండి. ఒక పక్షిని చూశాక చేతులు కడుక్కుని గుడ్డ, పేపరు మార్చండి, లేదంటే పేలను మీరే మోసినవాళ్ళవుతారు.

గూళ్ళు

ఇంట్లో పిచ్చుకల కోసం చెక్క గూడు కట్టి ఉంటే మీకు మంచి అవకాశం ఉంది. పిల్లలు పుట్టాక రెండు వారాలకు కాస్త అటూఇటూగా ఎగిరిపోతాయి. అవి వెళ్ళిపోయి, మళ్ళీ ఏ జంటా రాలేదని వారం చూసి, అప్పుడు లోపలి గడ్డిని ఒక సంచిలోకి తీయండి. తెల్లటి బేసిన్‌లో విదిలిస్తే మైట్లు, పిడుదులు, పురుగులు కదులుతూ కనిపిస్తాయి. ఇంకా బాగా కావాలంటే ప్లాస్టిక్ సీసాను మధ్యకి కోసి పై సగాన్ని గరాటులా తిరగేసి, అడుగున వల పెట్టి, గడ్డి వేసి, పైన బల్బు వెలిగించి ఒక రాత్రి వదిలేయండి, కింద గిన్నెలో ఆల్కహాల్. వేడికి, వెలుగుకు పురుగులు కిందికి దిగి గిన్నెలో పడతాయి. గడ్డి బల్బుకు తగలకుండా, ఆల్కహాల్ వేడికి దూరంగా ఉండేలా చూడండి. అదే గదిలో పడుకోకండి.

పక్షులు కూడా మందులు వాడతాయా అన్న ప్రశ్న ఈ గూళ్ళ దగ్గరే మొదలవుతుంది. కలకత్తాలో పిచ్చుకలు గూట్లోకి వేపాకు తేవడం గురించి 1981లోనే ఒక పరిశోధన పత్రం వచ్చింది. మెక్సికో సిటీలో పిచ్చుకలు, ఫించ్‌లనే చిన్న పిట్టలు సిగరెట్ పీకల దూదిని గూట్లో పేరుస్తాయి. అలా ఎక్కువ పేర్చిన గూళ్ళలో మైట్లు తక్కువ ఉన్నాయి, కానీ ఆ దూదే పిల్లల కణాలకు హాని చేస్తోందని కూడా తర్వాత తేలింది. గాలపాగోస్ దీవుల్లో పిల్ల పక్షుల రక్తం తాగే ఈగపురుగుల బెడద ఉంటే, శాస్త్రవేత్త సారా క్నూటీ బృందం పురుగుమందు తడిపిన దూదిని అడవిలో వేలాడదీసింది. ఫించ్‌లు ఆ దూదిని తీసుకెళ్ళి గూళ్ళలో పెట్టుకున్నాయి, పురుగులు బాగా తగ్గాయి. అది 2014లో అచ్చయింది.

మన ఇళ్ళలో ఆటలమ్మ వస్తే మంచం మీద వేపాకు పరుస్తాం, బియ్యం డబ్బాలో వేపాకు వేస్తాం. కాబట్టి పిచ్చుక గూట్లో వేపాకు కనిపించగానే 'అది వైద్యం' అని నమ్మేయాలనిపిస్తుంది. అక్కడ ఆగండి. చుట్టూ వేపచెట్లే ఉన్న వీధిలో దగ్గర్లో దొరికిన ఆకు తెచ్చిందేమో. చూడాలంటే గూట్లో వేపాకు ఎంత ఉందో తూచండి, చుట్టూ ఏ చెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, ఆ ఆకు పచ్చిగా ఉన్నప్పుడు తెచ్చిందా ఎండింది తెచ్చిందా చూడండి, అదే గూట్లో మైట్లు ఎన్ని ఉన్నాయో రాయండి. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వీధుల్లో పదిమంది ఒక ఏడాది పాటు ఇలా రాస్తే నిజంగా కొత్త విషయం తెలుస్తుంది. నాకైతే ఈ పని ఎవరైనా చేస్తే చూడాలని చాలా కోరిక.

రక్తం: దీనికి తోడు కావాలి

అడవి పక్షి రక్తం అనుమతి, శిక్షణ ఉన్నవాళ్ళు మాత్రమే తీస్తారు. సన్నటి వల కట్టి, ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు వెళ్ళి చూసి, రెక్క కింది నరం నుంచి ఒకటి రెండు చుక్కలు. పక్షి బరువులో ఒక శాతానికి మించి తీయకూడదు, అంటే పది గ్రాముల తేనెపిట్టకి అది 0.1 గ్రాములు. నేర్చుకోవాలంటే పశువైద్యుడి చేత పెంపుడు పావురం రక్తం ఒక చుక్క తీయించండి.

స్లైడ్ మీద పల్చగా ఈడ్చి వెంటనే ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. మనకి అక్టోబరు, నవంబరు ముసురుల్లో ఇది కష్టం, ఆలస్యంగా ఆరితే కణాలు పాడవుతాయి. ఆరాక ఒక నిమిషం మిథనాల్‌లో ముంచాలి. ముంచకుండా రాత్రి బల్ల మీద వదిలేస్తే పొద్దున్నకి బొద్దింకలు, చీమలు రక్తాన్ని నాకేసి ఖాళీ గాజు మిగులుస్తాయి, ఇది నాకు రెండుసార్లు జరిగింది. తర్వాత పది శాతం గీమ్సా రంగులో, పీహెచ్ 7.2 బఫర్‌తో, దాదాపు గంట. వెయ్యి రెట్లు పెద్దదిగా చూపే ఆయిల్ లెన్స్‌తో కనీసం వంద ఫీల్డులు చూడాలి.

మనుషుల ఎర్రకణాలకు కేంద్రకం ఉండదు, పక్షులవి కోలగా ఉండి మధ్యలో కేంద్రకం ఉంటుంది, దాన్నే పరాన్నజీవి అనుకోకండి. ఆ కేంద్రకాన్ని నెలవంకలా చుట్టుకుని, లోపల గోధుమ నలుపు చుక్కలతో ఉన్నది కనపడితే హీమోప్రోటియస్ కావచ్చు. రక్తకణంలోనే విడిపోతున్న దశలు కూడా ఉంటే ప్లాస్మోడియం, అంటే అసలు మలేరియా పరాన్నజీవి, ఎందుకంటే హీమోప్రోటియస్ రక్తంలో విభజన చెందదు. ల్యూకోసైటోజోవన్ అనే ఇంకో రక్త పరాన్నజీవిలో ఆ చుక్కలే ఉండవు, అది దూరిన కణం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఖాయంగా తేల్చేది డీఎన్ఏ. ప్రపంచవ్యాప్తంగా పక్షుల మలేరియా రకాలన్నిటినీ మాల్ఏవీ అనే డేటాబేస్‌లో 2009 నుంచి పోగుచేస్తున్నారు.

దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. 1826 ప్రాంతంలో ఓడల్లో హవాయి దీవులకు చేరిన క్యూలెక్స్ దోమ, తర్వాత వచ్చిన పక్షుల మలేరియా కలిసి అక్కడి హనీక్రీపర్ పిట్టలను తుడిచిపెట్టే దాకా వచ్చాయి. ఆ దోమ క్యూలెక్స్ క్వింక్విఫేసియాటస్, మన మురుగుకాలువల్లో పుట్టేది కూడా అదే. మన పిట్టలు ఈ పరాన్నజీవులతో ఎంతోకాలంగా కలిసి బతుకుతున్నాయి, చాలావాటిలో జబ్బు పైకి కనపడదు. అందుకే స్లైడ్‌లో కనపడగానే పక్షికి మందు వేయాలని కంగారుపడకండి.

అంకెలు రాయడం

పరాన్నజీవులు అన్ని పక్షుల మీదా సమానంగా ఉండవు. ఇరవై పావురాలు చూశారనుకుందాం. పన్నెండింటి మీద ఒక్క పేను లేదు, ఆరింటి మీద రెండు మూడు, ఒకదాని మీద పదిహేను, చివరిదాని మీద ఎనభై. సగటు తీస్తే ఐదున్నర దగ్గర వస్తుంది, కానీ ఐదో ఆరో పేలున్న పావురం మీరు ఒక్కటీ చూడలేదు. కాబట్టి సగటు ఒక్కటే రాయకండి. ఎన్ని పక్షుల్లో ఎన్నింటికి ఉన్నాయి, ఉన్నవాటిలో మధ్యగతం (మీడియన్) ఎంత, అన్నిటికంటే ఎక్కువ ఎంత, ఈ మూడూ రాయండి. సున్నా వచ్చిన పక్షుల వరస ఖాళీగా వదలకండి, '0' అని రాయండి. ఖాళీగా ఉంటే చూడలేదా, చూసినా కనపడలేదా అన్నది ఆరు నెలల తర్వాత మీకే తెలియదు.

గుర్తింపు దగ్గర ఆగిపోతే తిరుపతిలో దారులున్నాయి. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో పరాన్నజీవుల విభాగం ఉంది, 2015లో మొదలైన ఐఐఎస్ఈఆర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థలో పక్షుల మీద పనిచేసేవాళ్ళున్నారు, ఎస్వీ యూనివర్సిటీలో జువాలజీ ఉంది. వెళ్ళేటప్పుడు ఒక్క ఫోటో పట్టుకుని 'సార్, ఇదేంటి' అని అడగకండి. స్లైడ్, కొలత వేసిన ఫోటో, ఏ పక్షి, ఏ చోటు, ఏ టైమ్ అన్న పేజీ జిరాక్స్, అదే రోజు ఏమీ దొరకని మిగతా స్లైడ్ల లెక్క, ఇవన్నీ ఒక కవర్‌లో పెట్టి ఇవ్వండి. ముందు మెయిల్ రాసి అపాయింట్‌మెంట్ తీసుకోండి, పరీక్షల నెలల్లో జవాబు ఆలస్యం అవుతుంది.